అయిదు వోల్టులు ఎక్కడ జారిపోతున్నాయి: పాత ఎక్స్కవేటర్‌లో ఒకేసారి వచ్చిన నాలుగు సెన్సార్ కోడ్‌ల కేసు

ఇది 20 టన్నుల తరగతికి చెందిన ఒక పాత ఎక్స్కవేటర్ కేసు. యజమానిని, తయారీ సంస్థను, పని జరిగిన చోటును గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తీసేశాను. చివరికి తేలిన లోపం చాలా చిన్నది: ఒక వైరు మీద ఆవగింజంత మేర తొడుగు అరిగిపోయింది, అంతే. దాన్ని పట్టుకోవడానికి మాత్రం ఆరు రోజులు పట్టింది. అందులో నాలుగు రోజులు నేను ఆలోచించిన వరుస సరిగ్గా లేకపోవడం వల్లే పోయాయి కాబట్టి, ఏ మలుపులో ఏమనుకున్నానో దాచకుండా రాస్తున్నాను.

నేపథ్యం

యంత్రం చేతులు మారి అప్పటికి రెండు నెలలైంది. అవర్ మీటరు 9,000 గంటలు దాటింది. కొన్నవారు ఇంజను పొగ, బూమ్ (యంత్రం పెద్ద చేయి) పిన్నుల వదులు, ట్రాక్ అరుగుదల, సిలిండర్ల లీకేజీ అన్నీ జాగ్రత్తగానే చూసుకున్నారు. వైరింగ్ విషయానికి వస్తే, లైట్లు వెలుగుతున్నాయా, హారన్ మోగుతోందా అన్నంతవరకే చూశారు. చాలామంది చేసేది అదే.

నిజానికి పాత యంత్రంలోని హార్నెస్‌ను, అంటే వైర్ల కట్టను, నెమ్మదిగా చూస్తూ పోతే, దానికి అంతకుముందు ఎక్కడెక్కడ చేయి పడిందో తెలిసిపోతుంది. నల్ల టేపు ఎక్కడ కొత్తగా మెరుస్తోంది, ఫ్యాక్టరీ క్లాంపు ఉండవలసిన చోట ప్లాస్టిక్ టై ఎందుకుంది, చుట్టూ జిడ్డు పేరుకున్నా ఏ కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్) మాత్రం శుభ్రంగా ఉంది అనేవి గమనిస్తే చాలు. ఈ యంత్రంలో పంపు దగ్గర రెండు ప్రెషర్ సెన్సార్లు కొత్తవి. పంపు బాడీ మీద పెయింటు కూడా పక్కనున్న భాగాలకన్నా తాజాగా ఉంది. "పంపు ఈ మధ్య విప్పినట్టుంది" అని మొదటి రోజే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పంపు దించాలంటే దాని మీదుగా వెళ్లే వైరింగ్‌ను కూడా పక్కకు తీసి, మళ్లీ పెట్టి ఉండాలి కదా అన్న రెండో వాక్యం మాత్రం రాసుకోలేదు.

వచ్చిన ఫిర్యాదు

పని మొదలుపెట్టిన సుమారు 40 నిమిషాల తర్వాత, హైడ్రాలిక్ ఆయిల్ బాగా వేడెక్కాక, మానిటర్ మీద నాలుగు కోడ్‌లు (లోపాన్ని సూచించే సంఖ్యలు) ఒక్కసారిగా వస్తున్నాయి: ముందు పంపు ప్రెషర్ సెన్సార్, వెనుక పంపు ప్రెషర్ సెన్సార్, బూమ్ లేపే పైలట్ ప్రెషర్ (లివరు కదిపినప్పుడు వాల్వ్‌ను నడిపే చిన్న ఒత్తిడి) సెన్సార్, స్వింగ్ (పైభాగం తిరగడం) పైలట్ ప్రెషర్ సెన్సార్. నాలుగింటికీ "వోల్టేజ్ తక్కువ" అన్న అర్థమే. కోడ్‌లు ఉండే ఆ రెండు మూడు సెకన్లూ యంత్రం బలం తగ్గి, బూమ్ నీరసంగా లేస్తుంది. ఒక్కోసారి పని మధ్యలోనే ఇంజను ఐడిల్‌కు (పని లేనప్పటి తక్కువ వేగానికి) పడిపోతుంది. తర్వాత ఏమీ జరగనట్టు మామూలైపోతుంది.

ఇంజను ఐడిల్‌కు పడిపోవడం గురించి ఒక మాట చెప్పాలి. లివర్లు కదులుతున్నాయో లేదో కంట్రోలర్‌కు, అంటే యంత్రంలోని కంప్యూటర్‌కు, తెలిసేది పైలట్ ప్రెషర్ సెన్సార్ల ద్వారానే. వాటి సిగ్నల్ పడిపోతే, ఆపరేటర్ చేతులు ముడుచుకుని కూర్చున్నాడని అది అనుకుంటుంది. పని లేనప్పుడు ఇంజను వేగం తగ్గించే ఆటో ఐడిల్ పనిచేస్తుంది. అంటే ఇంజనులో, డీజిల్ లైనులో వెతకవలసిన పని లేదు. అంతకుముందు చూసిన మెకానిక్ డీజిల్ ఫిల్టర్లు మార్చడానికి కారణం ఇది తెలియకపోవడమే.

ఆపరేటర్ మొదటి రోజే ఒక మాట అన్నాడు: "కుడికి తిప్పితే రాదు సార్. ఎడమకి తిప్పుతూ నిండు బకెట్‌తో బూమ్ లేపినప్పుడే వస్తుంది." విన్నాను, తలూపాను, అక్కడితో వదిలేశాను. ఎలక్ట్రికల్ లోపానికి కుడి ఎడమలేమిటి అన్నది అప్పటి నా అభిప్రాయం.

కోడ్ చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి

ఇంజన్లలో చాలావరకు, యంత్రాల్లో కొంతవరకు, కోడ్‌లు ఎస్‌ఏఈ జె1939 అనే వాహన ప్రమాణం పద్ధతిలో ఉంటాయి. అందులో మొదటి సంఖ్య, అంటే ఎస్‌పీఎన్, ఏ కొలతకు సంబంధించిందో చెబుతుంది. రెండోదైన ఎఫ్ఎంఐ ఏ రకం తేడానో చెబుతుంది. ఎఫ్ఎంఐ 3 అంటే వోల్టేజ్ ఉండవలసినదానికన్నా ఎక్కువ, 4 అంటే తక్కువ, 5 అంటే కరెంటు తక్కువగా ఉండడం లేదా సర్క్యూట్ తెగి ఉండడం, 2 అంటే నిలకడ లేని, నమ్మలేని విలువ. తయారీదారు సొంత సంఖ్యలు వాడినా, సర్వీస్ మాన్యువల్‌లో ఆ కోడ్ పక్కన దాదాపు ఇదే సమాచారం ఉంటుంది.

ఈ యంత్రంలోని ప్రెషర్ సెన్సార్లు మూడు వైర్లవి: 5 వోల్టుల సరఫరా, సిగ్నల్, సెన్సార్ ఎర్త్. ఒత్తిడి సున్నా ఉన్నప్పుడు సిగ్నల్ 0.5 వోల్టులు, పూర్తి స్థాయిలో 4.5 వోల్టులు. సున్నా ఒత్తిడికి సున్నా వోల్టు ఎందుకు పెట్టలేదంటే, వైరు తెగినా, షార్ట్ అయినా కంట్రోలర్ దాన్ని అసలైన సున్నా ఒత్తిడి నుంచి వేరుచేసి గుర్తించగలగాలి కాబట్టి. కనుక "వోల్టేజ్ తక్కువ" అన్న కోడ్‌కు "సెన్సార్ పోయింది" అన్న అర్థం లేదు. కంట్రోలర్ పిన్ను దగ్గర సిగ్నల్ తన కింది హద్దును దాటింది అన్నంతవరకే దాని అర్థం. సెన్సార్, సరఫరా వైరు, సిగ్నల్ వైరు, కప్లర్ పిన్ను, కంట్రోలర్ వీటిలో ఏదైనా అందుకు కారణం కావచ్చు. అంతకుముందు మార్చిన రెండు కొత్త సెన్సార్లూ ఈ తేడా పట్టించుకోకపోవడం వల్ల పెరిగిన ఖర్చే.

మొదట చేసినవి, ఫలించనివి

నేను వెళ్లేసరికి కోడ్‌ల చరిత్ర చెరిపేసి ఉంది. ఏ కోడ్ మొదట ఏ గంటకు వచ్చింది, ఎన్నిసార్లు వచ్చింది అన్న సమాచారం మెమొరీలో ఉండి ఉండేది. అందులో సెన్సార్ సరఫరా వోల్టేజ్‌కే సంబంధించిన కోడ్ ఉన్నట్టయితే ఈ కేసు మొదటి రోజే సగం తేలిపోయేది. కోడ్‌లు చెరిపేస్తే పని చేసినట్టు కనిపిస్తుంది, కానీ అక్కడున్న ఒకే ఒక్క సాక్ష్యం పోతుంది.

మొదటి పనిగా ముందు పంపు సెన్సార్‌నూ వెనుక పంపు సెన్సార్‌నూ ఒకదాని చోట ఒకటి మార్చి బిగించాను. కోడ్ సెన్సార్‌తో పాటు వెళితే సెన్సార్ లోపం, అక్కడే ఉంటే వైరింగ్ లోపం అనేది మంచి పద్ధతే, కానీ ఒక్క కోడ్ వచ్చినప్పుడు. నాలుగు కోడ్‌లూ కలిసి వచ్చి కలిసి పోతున్న చోట ఈ మార్పిడి ఏమీ చెప్పదు. నాలుగు సెన్సార్లు ఒకే సెకనులో చెడిపోయి, మూడు సెకన్లలో బాగుపడడం జరిగే పని కాదు. నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటని మాత్రమే అడగవలసింది. అలవాటు చేయి ముందు కదిలింది.

ఆ ఉమ్మడి ప్రశ్నకు సర్క్యూట్ డయాగ్రమ్‌లో రెండు జవాబులున్నాయి: 5 వోల్టుల సరఫరా, సెన్సార్ ఎర్త్. ముందు పంపు సెన్సార్ కప్లర్ వెనుక నుంచి సన్నటి పిన్ను దూర్చి సరఫరా కొలిస్తే 5.02 వోల్టులు వచ్చింది. "5 వోల్టులు సరిగా ఉంది" అని రాసుకున్నాను. నాలుగు రోజులు తినేసింది ఈ వాక్యమే. "ఇంజను ఆపి, కీ ఆన్ చేసి, యంత్రం చల్లగా, కదలకుండా ఉన్నప్పుడు 5.02" అని రాసి ఉంటే, ఆ కొలతకు విలువెంతో నాకే కనిపించేది. లోపం లేని సమయంలో తీసిన కొలత, లోపం లేని సమయంలో అంతా బాగుందని మాత్రమే చెబుతుంది.

(ఇక్కడ ఒక హెచ్చరిక. 24 వోల్టుల టెస్ట్ ల్యాంపుతో ఈ వైర్లను తడిమే అలవాటు కొందరికి ఉంది. బల్బు తీసుకునే కరెంటు సెన్సార్ సరఫరా ఇవ్వగలిగినదానికన్నా చాలా ఎక్కువ; లేని లోపం కనిపిస్తుంది, ఒక్కోసారి కంట్రోలర్‌కే దెబ్బ తగులుతుంది. అలాగే వైరు తొడుగుకు సూదితో చిల్లు పెట్టి కొలిస్తే, ఆ చిల్లులో నీరు చేరి కొన్నాళ్లకు రాగి పచ్చబడుతుంది. ఈ యంత్రంలోనే అలాంటి చిల్లులు రెండు దొరికాయి.)

తర్వాత ఎర్త్ వైపు వెళ్లాను. ఇంజను నడుస్తూ, లైట్లు, ఏసీ ఆన్‌లో ఉండగా, కంట్రోలర్ ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య 0.38 వోల్టుల తేడా కనిపించింది. 0.1 దాటితేనే నేను అనుమానిస్తాను. బాడీ ఎర్త్ లగ్ (వైరు చివర బిగించే లోహపు ముక్క) విప్పితే కింద పెయింటు, దాని కింద తుప్పు. లోహం మెరిసేదాకా రుద్ది, కొత్త లగ్ వేసి బిగించాక తేడా 0.04కు దిగింది. ఎంత సంతోషం! కంటికి కనిపించే లోపం, అంకెలతో రుజువైన మరమ్మతు. కేసు ముగిసిందని యజమానికి చెప్పేశాను.

మూడో రోజు అవే నాలుగు కోడ్‌లు మళ్లీ వచ్చాయి.

ఎర్త్ లోపం నిజమైనదే, బాగుచేయవలసినదే. కానీ ఈ కోడ్‌లకు అది కారణం కాలేదన్నది కాగితం మీద ఒక్క గీత గీసినా తేలేది. ఈ యంత్రంలో సెన్సార్ల ఎర్త్ బాడీకి వెళ్లదు, వైరు ద్వారా కంట్రోలర్‌కే తిరిగి వస్తుంది. కంట్రోలర్ ఎర్త్ 0.38 వోల్టులు పైకి లేస్తే, దాని ఆధారంగానే తయారయ్యే 5 వోల్టుల సరఫరా కూడా అంతే పైకి లేస్తుంది, సెన్సార్ ఎర్త్ కూడా లేస్తుంది. మధ్యలో ఉన్న సెన్సార్‌కు ఏ తేడా తెలియదు. నీళ్లు పెరిగితే పడవ, అందులోని బిందె రెండూ కలిసే పైకి లేచినట్టు. దొరికిన లోపం ఫిర్యాదును పూర్తిగా వివరిస్తుందా అని అడగకుండా, దొరికింది కదా అని ఆగిపోయాను.

దారి మారిన చోటు

రెండోసారి వెళ్లినప్పుడు ముందుగా చేసింది కొలతను లోపం ఉన్న సమయంలోకి తీసుకెళ్లడం. 5 వోల్టుల లైను నుంచి పొడవాటి వైరు తీసి, క్యాబిన్‌లో మల్టీమీటర్‌ను కనిష్ఠ, గరిష్ఠ విలువలు గుర్తుంచుకునే మోడ్‌లో పెట్టి, యంత్రాన్ని మామూలు పనికి పంపాం. గంట తర్వాత కోడ్‌లు వచ్చాయి. మీటరు గుర్తుపెట్టుకున్న కనిష్ఠం 1.1 వోల్టులు. సరఫరాయే కూలిపోతోంది. చాలా కంట్రోలర్లలో ఈ సరఫరాకు కరెంటు పరిమితి ఉంటుంది కాబట్టి, లైను ఎర్త్‌కు తగిలినంతసేపు వోల్టేజ్ పడిపోయి, తగలడం ఆగగానే తిరిగి లేస్తుంది. ఫ్యూజు పోదు, ఏదీ కాలదు, ఆనవాలేదీ మిగలదు.

ఇలాంటప్పుడు సెన్సార్లను ఒక్కొక్కటే ఊడదీసి, ఏది తీస్తే 5 వోల్టులు తిరిగొస్తాయో చూడడం అందరికీ తెలిసిన పద్ధతి. షార్ట్ శాశ్వతంగా ఉంటే అది పది నిమిషాల పని. అప్పుడప్పుడు వచ్చి పోయే లోపానికి అది కుదరదు. డయాగ్రమ్ ప్రకారం ఆ లైను ఒక జాయింటు దగ్గర రెండుగా చీలుతుంది: ఒక కొమ్మ పంపుల వైపు, మరొకటి కంట్రోల్ వాల్వ్ దగ్గరున్న పైలట్ సెన్సార్ల వైపు. అందుకని లైనును సగానికి విడగొట్టి చూశాం. మొదట పంపుల కొమ్మ కప్లర్ తీసేసి పని చేయించాం. ఆ సెన్సార్ల కోడ్‌లు ఎలాగూ ఉంటాయి, వాటిని పట్టించుకోకుండా 5 వోల్టులను మాత్రమే చూశాం. పూటంతా కనిష్ఠం 4.97 దగ్గరే ఉంది.

లోపం పంపుల కొమ్మలోనే అని ఇక్కడే తేల్చేయవచ్చు. ఈసారి ఆగాను. పంపు సెన్సార్లు లేకపోతే కంట్రోలర్ యంత్రాన్ని తగ్గించిన స్థాయిలో నడుపుతుంది. ఒత్తిళ్లు, కదలికలు మామూలుగా ఉండవు. లోపం రాకపోవడానికి అదే కారణం కావచ్చు. రాకపోవడం బలహీనమైన సాక్ష్యం. కనుక తిరగేసి, పంపుల కొమ్మ పెట్టి, పైలట్ కొమ్మ తీసేసి పని చేయించాం. 50 నిమిషాలకు 5 వోల్టులు 1.2కు పడిపోయాయి. ఇది బలమైన సాక్ష్యం, ఎందుకంటే అప్పుడు ఆ లైను మీద ఉన్నది పంపుల కొమ్మ ఒక్కటే. వెతకవలసినది రెండు మీటర్ల లోపు హార్నెస్‌కు తగ్గింది.

దొరికిన చోటు

ఆ రెండు మీటర్లూ కంటికి శుభ్రంగానే కనిపించాయి. ముడతల స్లీవ్ పైవైపు చెక్కుచెదరలేదు. కప్లర్లు రెండు చివర్లా ఊడదీసి, 5 వోల్టుల వైరుకూ బాడీకీ మధ్య, రెండూ తగిలితే కూత పెట్టే మోడ్‌లో మీటరు పెడితే శబ్దం లేదు. హార్నెస్‌ను చేత్తో వంచినా, ఊపినా లేదు. పక్కన నిలబడి చూస్తున్న ఆపరేటర్ మళ్లీ అదే మాట అన్నాడు: "ఎడమకి తిప్పుతూ, బూమ్ లేపుతూ సార్."

అప్పటికి నా ప్రశ్న మారింది. ఎడమకు తిప్పుతూ నిండు బకెట్ లేపినప్పుడు ఈ మూలలో కదిలేదేమిటి? వైరు తనంతట తాను కదలదు. కదిలేది పంపు నుంచి ఆయిల్ బయటికి తీసుకెళ్లే డెలివరీ హోస్. ఒత్తిడి ఎక్కితే వంపులో ఉన్న హోస్ నిటారు కావాలని చూస్తుంది. అలా కావడంలో పక్కకు జరుగుతుంది. స్వింగ్ మొదలయ్యే కుదుపు ఒక దిక్కున దాన్ని ఇంకాస్త నెడుతుంది, రెండో దిక్కున వెనక్కి లాగుతుంది. కుడి ఎడమల తేడా అక్కడుంది.

ఇంజను ఆపి, లివర్లు కదిపి ఒత్తిడి వదిలేసి, చల్లారాక, చెక్క కర్రతో ఆ హోస్‌ను బ్రాకెట్ వైపు నెట్టాను. మీటరు కూసింది. వదిలితే ఆగింది. నెడితే కూసింది. (నడుస్తున్న యంత్రంలో ఒత్తిడితో ఉన్న హోస్ దగ్గర చేయి పెట్టి చూసే ప్రశ్నే లేదు. సూదిమొనంత చిల్లులోంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దిగిపోతుంది.)

స్లీవ్ విప్పితే కిందివైపు అర అంగుళం మేర చీలిక కనిపించింది. లోపల మూడు వైర్లలో ఒకదాని తొడుగు ఒకపక్క పలచబడి, ఆవగింజంత చోట రాగి పోగులు రెండు బయటపడి ఉన్నాయి. సరిగ్గా దానికి ఎదురుగా బ్రాకెట్ అంచు మీద పెయింటు పోయి, గోరంత పొడవున లోహం అద్దంలా మెరుస్తోంది. ఆ రెండింటినీ చేతులతో కలిపితే తాళంలో తాళంచెవిలా కూర్చున్నాయి. కాస్త పైన, వాడకంలో లేని ఒక బోల్టు రంధ్రం, దాని చుట్టూ క్లాంపు ఉండిన మేర మట్టి పట్టని గుండ్రటి ముద్ర ఉన్నాయి. పంపు దించి మళ్లీ ఎక్కించినప్పుడు హార్నెస్‌ను హోస్‌కు అవతలి పక్క పెట్టవలసింది, ఇవతలి పక్క పెట్టారు. అక్కడ అందని క్లాంపును వదిలేశారు. ఆయిల్ వేడెక్కాక హోస్ మెత్తబడి ఎక్కువగా కదులుతుంది కాబట్టి 40 నిమిషాల లెక్క కూడా సరిపోయింది.

మరమ్మతుకు ముందు రుజువు, ఆ తర్వాత మరమ్మతు

ఎర్త్ విషయంలో మోసపోయినందువల్ల ఈసారి వెంటనే బాగుచేయలేదు. వైరుకూ బ్రాకెట్‌కూ మధ్య రబ్బరు ముక్క పెట్టి, అదే పని అదే తీరులో రెండు గంటలు చేయించాం: కోడ్ రాలేదు. రబ్బరు తీసేశాం: అరగంటలో వచ్చింది. మళ్లీ పెట్టాం: రాలేదు. కోడ్‌ను ఇష్టం వచ్చినప్పుడు రప్పించి, ఇష్టం వచ్చినప్పుడు ఆపగలిగాకే కత్తెర తీశాను.

దెబ్బతిన్న ముక్క కోసేసి, అదే మందం వైరుతో క్రింప్ జాయింట్లు (నొక్కి బిగించేవి) వేసి, లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే గొట్టం) తొడిగాం. పక్క వైర్లకు కూడా గీతలు పడ్డాయి కాబట్టి మూడింటినీ మార్చి, జాయింట్లు ఒకే చోట లావుగా రాకుండా ముందూ వెనుకా వేశాం. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టడం ఈ చోట పనికిరాదు; వేడికి జిగురు కారిపోతుంది, కుదుపులకు మెలిక సడలుతుంది. హార్నెస్‌ను హోస్‌కు అవతలి పక్కకు మళ్లించి, ఖాళీ రంధ్రంలో రబ్బరు పూత ఉన్న క్లాంపు బిగించాం. బ్రాకెట్ అంచును ఆకురాయితో గుండ్రం చేశాం. సూది చిల్లులున్న రెండు వైర్లకూ అదే మరమ్మతు జరిగింది.

యజమాని పాత సెన్సార్లను పారేయకుండా ఉంచడం మంచిదైంది. వాటిని తిరిగి బిగించి, మెకానికల్ గేజ్ పెట్టి, రిలీఫ్ వాల్వ్ (ఒత్తిడి హద్దు దాటకుండా ఆపేది) తెరుచుకునేదాకా ఒత్తిడి పెంచి చూశాం. గేజ్ 34.3 మెగాపాస్కల్ చూపినప్పుడు, 50 మెగాపాస్కల్ పరిధి గల ఆ సెన్సార్ లెక్క ప్రకారం 3.24 వోల్టులు ఇవ్వాలి, ఒకటి 3.23, మరొకటి 3.26 ఇచ్చాయి. రెండూ బాగున్నట్టే. కొత్త వాటిని విడిభాగాలుగా దాచుకోమన్నాను. మెయిన్ పంపు సెన్సార్‌కూ పైలట్ సెన్సార్‌కూ ఇక్కడ కప్లర్ ఒకటే. ఒకదాని చోట మరొకటి నిక్షేపంగా బిగుస్తుంది, విశ్రాంతిలో రెండూ 0.5 వోల్టులే ఇస్తాయి, ఒత్తిడి ఎక్కితే గానీ తప్పు బయటపడదు. అందుకే దాచేముందు వాటి మీద పరిధి రాసి పెట్టించాను.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

కొలత రాసుకునేటప్పుడు పక్కన నాలుగు విషయాలు తప్పనిసరిగా రాస్తున్నాను: ఇంజను నడుస్తోందా, ఆయిల్ ఎంత వేడి, యంత్రం ఏ కదలికలో ఉంది, ఆ క్షణాన కోడ్ ఉందా లేదా. నాలుగోది "లేదు" అయితే ఆ కొలతతో ఏ భాగాన్నీ నిర్దోషిగా తేల్చను. ఆపరేటర్ చెప్పినదాన్ని అతని మాటల్లోనే, నా వ్యాఖ్య కలపకుండా, మొదటి పేజీలో రాస్తాను. అతనికి సర్క్యూట్ తెలియకపోవచ్చు, కానీ యంత్రం మీద రోజుకు పది గంటలు కూర్చునేది అతనే. ఇక పాత యంత్రమైతే, ఈ మధ్య ఏ పెద్ద భాగం దించారో అడిగి తెలుసుకుని, మీటరు తీయకముందే ఆ భాగం చుట్టూ ఖాళీ క్లాంపు రంధ్రాల కోసం టార్చ్ వేసి చూస్తాను.

సుమారు నెల తర్వాత అదే యంత్రం నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. ఈసారి హైడ్రాలిక్ ఆయిల్ టెంపరేచర్ సెన్సార్ కోడ్, "వోల్టేజ్ ఎక్కువ". ఆపరేటర్ ఏదీ చెరపలేదు. కోడ్ సంఖ్య, అవర్ మీటరు అంకె, ఆ సమయంలో ట్రాక్‌తో రాళ్ల మీద నడుపుతున్న సంగతి ఒక అట్టముక్క మీద రాసి ఉంచాడు. మధ్యాహ్నమైనా, గంటల తరబడి పని చేసినా మానిటర్‌లో ఆయిల్ మాత్రం గడ్డకట్టే చలిలో ఉన్నట్టు కనిపిస్తోందని కూడా రాశాడు. ఈ రకం సెన్సార్ వేడికి రెసిస్టెన్స్ తగ్గే థర్మిస్టర్. వైరు తెగితే కంట్రోలర్ పిన్ను దగ్గర పూర్తి 5 వోల్టులు నిలిచి, అది అతి తక్కువ ఉష్ణోగ్రతగా కనిపిస్తుంది. సెన్సార్ కప్లర్ తీసి చూస్తే, ఒక పిన్ను లాక్ వదిలి వెనక్కి జరిగి ఉంది. ముందుకు తోసి, లాక్ సరిచేసి, వైరును మెల్లగా లాగి చూసి, కప్లర్ పెట్టేశాను. మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది.